కువైట్ పొయ్యికి కొత్త జాలీ

హరిబాబు మంచివాడు. కొత్తపేట పక్కన ఆ ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాటే అంటారు, అన్నాక చిన్న నిట్టూర్పు కూడా విడుస్తారు. నోట్లో నాలుక లేని మనిషంటారే, ఆ బాపతు. లేకేం, ఉంది. పులుసులో ఉప్పు చూడ్డానికి పనికొచ్చేది. ఒకళ్ళని కాదనడానికి, ఒకళ్ళని ఆగమనడానికి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ పనికిరాలేదు.

అతను చేసేది కొబ్బరి చిప్పల బొగ్గు. అంబాజీపేట కొట్లలో కొబ్బరి తీసేశాక మిగిలిన చిప్పల్ని బస్తాలకెత్తి తెచ్చి, పెరట్లో గొయ్యిలో పేర్చి, నిప్పు పెట్టి, సరైన అదను చూసి రేకు మూసి మట్టి కప్పేసేవాడు. మర్నాడు తీస్తే గలగలమనే బొగ్గు. అమలాపురం కంసాలులు హరిబాబు బొగ్గంటే మారుమాట లేకుండా తీసుకునేవారు. దాని వేడి అలాంటిది మరి.

రెండువేల అయిదు మే నెలలో అతని భార్య తులసి కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంటపని. ఎనిమిదేళ్ళుగా ఒకటే ఇల్లు. ఈ ఎనిమిదేళ్ళలో ఆమె రావడం ఇది మూడోసారి. వచ్చినప్పుడల్లా రెండు నెలలు, మళ్ళీ రావులపాలెంలో బస్సు. పెళ్ళయి పదేళ్ళు దాటినా మొగుడూ పెళ్ళాం ఒక్క కప్పు కింద ఉన్నది అంతా కలిపితే మూడేళ్ళు కాదు. పిల్లల మాట ఎవరైనా ఎత్తితే తులసి "సెలవు చాల్లేదండి" అని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే అడిగినవాళ్ళకే గుండె కలుక్కుమనేది.

ఈసారి ఆమె వెనకాల ఓడ కార్గోలో ఒక చెక్కపెట్టె కూడా వచ్చింది. విప్పితే లోపల బొగ్గుల పొయ్యి. మూడడుగుల పొడవు, నాలుగు కాళ్ళు, పైన మూత, బొగ్గుల మీద చేపో కోడో పెట్టి కాల్చడానికి సన్న ఊచల జాలీ. మేడం కొత్తది కొనుక్కుని పాతది తులసికిచ్చేసిందట. దానికి ఊళ్ళో రెండు రోజుల్లోనే కువైట్ పొయ్యి అని పేరు పడిపోయింది.

"నేనింక వెళ్ళనండి," అంది తులసి ఒక సాయంత్రం, పొయ్యిని గుడ్డతో తుడుస్తూ. "కొత్తపేట సెంటర్లో బడ్డీ పెట్టుకుందాం. బొగ్గు మీది, చెయ్యి నాది. ఇలా కాల్చిన చేప ఇక్కడెవరూ తినలేదు."

హరిబాబుకి నోట మాట రాలేదు. ఈసారి మాత్రం భయంతో కాదు, సంతోషంతో.

"అయితే ఒకటండి. తిరుగు టిక్కెట్టు మంగళవారానికుంది. సోమవారం సాయంత్రం హైదరాబాదు బస్సెక్కాలి. ఆ ముందు ఆదివారం సెంటర్లో పొయ్యి వెలిగిద్దాం. జనం తిన్నారా, నేను బస్సెక్కను."

"ఆయ్," అన్నాడు హరిబాబు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. ఆమె ఉండిపోతుందంటే అతనికి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. తులసికి ముప్పై మూడు వచ్చాయి. పిల్లలంటూ ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని ఇద్దరికీ తెలుసు.

బుధవారం పొద్దున్న పెరట్లో పరీక్షకి పెట్టారు. హరిబాబు ఉత్సాహం పట్టలేక అంచులదాకా చిప్పల బొగ్గు పోసి, విసనకర్ర పుచ్చుకుని కంసాలి కొలిమి దగ్గర కూర్చున్నట్టు కూర్చుని విసిరాడు. ఇంకేముంది! జాలీ ఎర్రగా కాలిపోయి, మధ్యలో కిందికి జారి, తళతళలాడే పైపూత పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. మీద పెట్టిన పండుగప్ప చేప సగం మాడింది, సగం బొగ్గుల్లో పడింది.

"అయ్యో, అయ్యో!" అని నెత్తిన చేతులు పెట్టుకున్న తులసి, మొగుడి మొహం చూసి పకపకా నవ్వింది. "అక్కడ వాడేది కట్టె బొగ్గండి. నెమ్మదైన వేడి. మీ చిప్పల బొగ్గుకి ఆ సన్న తీగెలేం ఆగుతాయి?"

"నేనే పాడుచేసేను," అన్నాడు హరిబాబు.

"చేస్తే చేసేరు. ఆదివారం పదిమందిలో వంగిపోయుంటే అప్పుడేం చేద్దుం? మన బొగ్గుకి తగ్గ జాలీ వేరే వేయించుకుందాం. పొయ్యికేం కాలేదు కదా."

అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్న హరిబాబు తల్లి వీరాయమ్మ మెడ సాచి చూసింది. "ఆ బొగ్గుల్లో పడ్డ ముక్క ఇటు తేవే తులసీ. బూడిద దులిపి నేను తింటాను. పారేస్తే పాపం." తిన్నది, తిని బాగుందంది కూడా. వీరాయమ్మ నోరు అంతే, ఉన్నది ఉన్నట్టనేస్తుంది. ఊళ్ళో సగం మందికి ఆవిడంటే హడలు. కొడుక్కి పూర్తిగా హడలు.

గురువారం కొత్తపేటలో వెతికారు. ఇనప సామాన్ల కొట్టతను రొయ్యల చెరువుల గట్టుకి కట్టే తెల్లపూత జాలీ పరిచి చూపించాడు. చవక, తేలిక, కత్తిరించి ఇచ్చేస్తానన్నాడు. హరిబాబు అప్పటికే తల ఊపేశాడు. తులసి ఆ జాలీని వేలితో గీరి చూసింది.

"ఇది వద్దండి. నిప్పు మీద పెడితే ఈ పూత పొగై తిండికి పడుతుంది. చెరువుకైతే సరే, మనుషుల నోటికి కాదు."

కొట్టతను చిన్నబుచ్చుకుంటే హరిబాబు అతనికి క్షమాపణ చెప్పుకున్నాడు. చెప్పకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు అతనికి.

శుక్రవారం అమలాపురం. అక్కడ ఒక కొట్లో పోత ఇనుము జాలీలు నిజంగానే దొరికాయి. లావుపాటి ఊచలు, చేత్తో ఎత్తితే ముంజేయి లాగేసేంత బరువు. వాటి మీద కాలిస్తే చేప మీద నల్లటి గీతలు అందంగా పడతాయని తులసి ముచ్చటపడిపోయింది. హరిబాబే, ఆశ్చర్యం, అడ్డు చెప్పాడు. అడ్డు చెప్పడమంటే, జాలీని తిరగేసి వెనక పట్టిన చిలుం మీద వేలు పెట్టి ఆమెకేసి చూశాడు.

"కొట్లో ఉండగానే తుప్పా?" అంది తులసి. "నిజమేనండి. మన గాలిలో ఇది రెండు నెలలుండదు. రోజూ నూనె రాయాలి, వానచుక్క పడకూడదు. వేడి మీద నీళ్ళు చిలకరిస్తే పుటుక్కున విరుగుతుంది కూడాను." అని, అతని వేలికంటిన చిలుం తన కొంగుతో తుడిచింది. నడిబజార్లో పెళ్ళాం వేలు తుడుస్తుంటే హరిబాబు సిగ్గుతో చచ్చిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

మిగిలింది వేయించుకోవడమే. శనివారం పొద్దున్న ఇద్దరూ వంగిపోయిన జాలీ పట్టుకుని రావులపాలెం వెళ్ళారు. అరటి మార్కెట్టు వెనకాల అప్పలరాజుది వెల్డింగ్ షాపు. లారీ బాడీల దగ్గర్నుంచి దేవుడి మందసాల దాకా అన్నీ అతికే మనిషి. కొలత ఇచ్చి ఆర్డరు చెప్పి వచ్చేసి, మర్నాడు పొద్దున్న తెచ్చుకుందామని వెళ్ళారు. అప్పలరాజు ఆ వంగిన జాలీని అటూ ఇటూ తిప్పి, "దీనికి రేపటిదాకా ఎందుకండీ, కూర్చోండి, సాయంత్రానికిచ్చేస్తాను," అన్నాడు.

ఆ తర్వాత తులసిని చూడాలి! ఇనప ఊచ వద్దంది, స్టీలు ఊచ తెమ్మంది. సన్నవి చూపిస్తే చిప్పల బొగ్గుకి వంగుతాయంది, చిటికెన వేలంత లావువి ఏరింది. ఊచకీ ఊచకీ మధ్య ఎంత ఎడం పెట్టమంటారని అప్పలరాజు అడిగితే, "రొయ్య జారకూడదు, నూనె చుక్క ఆగకూడదు," అని తన ఉంగరం వేలు రెండూచల మధ్య పెట్టి చూపించింది. ఒకటే పెద్ద జాలీ కాకుండా రెండు ముక్కలుగా చేయించింది. ఒక పక్క తినేవాళ్ళకి కాలుతుంటే రెండో పక్క ఎత్తి బొగ్గు వేసుకోవచ్చట. ఎత్తడానికి కొసల్లో కొక్కేలు. మూలలు నున్నగా రుద్దాలి, గుడ్డకి పట్టుకోకూడదు.

అప్పలరాజు చెమట తుడుచుకుని, "అమ్మగారు ఇంజనీరు గారండీ బాబూ," అన్నాడు.

హరిబాబు స్టూలు మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఈ మనిషి ఇలాగే ఉండేది. నట్టింట్లో నిలబడి దీపం ఇక్కడ, మంచం అక్కడ అని చెప్పేది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గొంతు మళ్ళీ వినబడుతుంటే అతనికి కళ్ళు చెమర్చాయి. వెల్డింగ్ వెలుగు అని అబద్ధమాడాడు.

నాలుగింటికి జాలీ తయారైంది. అప్పలరాజు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి ఊచలకి ఆనించాడు. అంటుకోలేదు. "చూసేరా? అసలు సిసలు స్టీలండి. రెండో రకమైతే ఠక్కున అంటుకునేది," అని రెండు ముక్కలూ పాత పేపర్లో చుట్టి హరిబాబు చేతికిచ్చాడు.

చేతిలోకి వచ్చాక గుర్తొచ్చింది హరిబాబుకి. ఇవాళ శనివారం.

శనివారం ఇనుము కొని ఇంటికి తేకూడదన్నది చాలామందికున్న పట్టింపే. హరిబాబు ఇంట్లో అది పట్టింపు కాదు, పుండు. అతని తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు. ఒక శనివారం సంతలో కొత్త కత్తి కొని ఇంటికి తెచ్చాడు. మర్నాడే చెట్టు మీంచి పడి చనిపోయాడు. అప్పటికి హరిబాబుకి తొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచి ఆ ఇంటి గడప శనివారం ఒక మేకు కూడా దాటలేదు.

"తులసీ, ఇవాళ శనివారం," అన్నాడు గొంతు తగ్గించి.

"స్టీలు కదండి."

"అయినా ఇనుమే కదా... అమ్మ..."

అప్పలరాజు కల్పించుకున్నాడు. "భలేవారండి! దీనికి అయస్కాంతమే అంటలేదు, శనేశ్వరుడెలా అంటుకుంటాడండీ?"

షాపులో పనివాళ్ళు నవ్వారు. హరిబాబు కూడా నవ్వబోయాడు గానీ రాలేదు. తులసి నవ్వలేదు. ఆమె అతని దగ్గరకొచ్చి, వాళ్ళెవరికీ వినపడకుండా అంది. "పక్కనే ఎస్టీడీ బూతుంది. ఎదురింటి వాళ్ళకి ఫోన్ చేసి అత్తయ్యని పిలిపించి అడగండి. అడగడం ఇష్టం లేదా, అడక్కుండానే పట్టుకురండి. ఏమైనా అంటే, నేనే తెచ్చేనమ్మా అనండి. అంతే. ఆ ఒక్క మాట మీరనండి."

హరిబాబు బూతు వైపు చూశాడు. తల్లి మొహం కళ్ళకి కట్టింది. తండ్రిని అరుగు మీద పడుకోబెట్టిన రోజు ఆవిడ గోడకేసి కొట్టుకున్న తల కళ్ళకి కట్టింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎటూ తేల్చుకోలేని మనిషి చేసే పనే చేశాడు. జాలీని మళ్ళీ అప్పలరాజు బల్ల మీద పెట్టేశాడు.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకొచ్చి పట్టుకెళ్తాను. ఒక్క పూటలో ఏం మునిగిపోతుంది?"

తులసి జాలీ మీద ఊడిన పేపరు మళ్ళీ చుట్టింది. "ఏం మునిగిపోదు లెండి," అంది.

తిరుగు బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అలిసిపోయింది కాబోలనుకున్నాడు హరిబాబు. కువైట్ మేడానికి ఎప్పుడు తలనొప్పో ఈ ఎనిమిదేళ్ళలో ఆమె చెప్పగా అతనికి కంఠతా వచ్చు. పక్కసీట్లో కూర్చున్న పెళ్ళానికి ఏమైందో మాత్రం తెలియలేదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా జాలీ ఇంటికొచ్చింది. హరిబాబు పేపరు విప్పి గర్వంగా తల్లికి చూపించాడు. వీరాయమ్మ కొక్కేలు పట్టుకుని లేపి చూసింది.

"గట్టిగా ఉందిరా. ఇప్పుడే చేసేడా?"

"నిన్ననే అయిపోయిందమ్మా. శనివారమని తేలేదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది వీరాయమ్మ. "స్టీలుకి శనివారమేంట్రా? తులసి పంపిన స్టీలు డబ్బాలు శనివారం కాదూ దించుకున్నాం? అంత అనుమానమైతే అడగొచ్చు కదా. అడిగితే చెప్దును కదా, తెచ్చుకోరా అని. పది మైళ్ళు రెండోసారి తిరిగొచ్చేడు వెర్రినాగన్న."

హరిబాబుకి గుండెల మీంచి బరువు దిగిపోయినట్టయింది. హాయిగా నవ్వేశాడు. నూతి గట్టు దగ్గర చేపలు కడుగుతున్న తులసి మాత్రం నవ్వలేదు. చేతిలో చేప అలాగే పట్టుకుని, నీళ్ళు కారిపోతుంటే, అత్తగారినే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం సంగతి కొత్తపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తులసి కువైట్ నుంచి తెచ్చిన నల్లటి ఎండు నిమ్మకాయల పొడి, మన అల్లం వెల్లుల్లి, మన కారం కలిపి పండుగప్పలకీ కోడికీ రొయ్యలకీ పట్టించింది. హరిబాబు ఈసారి బొగ్గు బుద్ధిగా పల్చగా పరిచాడు. కొత్త జాలీ ఎంత కాలినా వెంట్రుకవాసి వంగలేదు. ఒక్క రొయ్య జారలేదు. ఒక పక్క ఎత్తి అతను బొగ్గు వేస్తుంటే రెండో పక్క ఆమె చేప తిరగేస్తోంది, ఇద్దరి చేతులూ ఒకదానికొకటి అడ్డు రాకుండా. చూసినవాళ్ళు ఏ పదేళ్ళ నుంచో కలిసి చేస్తున్నారనుకున్నారు.

మొదట వాసనకొచ్చారు, తర్వాత ఆకలికొచ్చారు. ఆటో రాఘవులు మూడుసార్లు తిన్నాడు. మూడోసారి, "అమ్మా, రేపూ ఉంటారాండి?" అని అడిగాడు.

"ఆయ్, ఉంటాం, ఉంటాం!" అన్నాడు హరిబాబు, తులసి కంటే ముందే. ఏడున్నర కాకుండానే అంతా ఖాళీ. ఆఖరి చేప ముక్క తులసి విరిచి సగం అతని నోట్లో పెట్టింది. ఆ రుచి గురించి అడిగితే ఇవాళ్టికీ అతను చెప్పలేడు.

సోమవారం పొద్దున్న హరిబాబు బడ్డీకి రేకులు బేరమాడి ఇంటికొచ్చేసరికి, గదిలో మంచం మీద రెండు సూటుకేసులు తెరిచి ఉన్నాయి. తులసి చీరలు సర్దుతోంది.

"అదేంటి?" అన్నాడు.

"కూర్చోండి," అంది తులసి. "కోపంతో వెళ్ళట్లేదండి, ముందే చెప్తున్నాను."

"నిన్న అంతా అమ్ముడైపోయింది కదా తులసీ!"

"నిన్నటి సంగతి కాదండి. మొన్నటిది."

"జాలీ గురించా? తెచ్చేను కదా మరి!"

"తెచ్చేరు. అడ్డు తొలిగేక తెచ్చేరు." మడత పెట్టిన చీర ఒళ్ళో పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. "అత్తయ్య వద్దనలేదు. వద్దంటుందేమోనని మీరే ఊరుకున్నారు. నిన్న ఆవిడ 'అడిగితే చెప్దును కదా' అన్నప్పుడు నాకు తొంభయ్యేడు గుర్తొచ్చిందండి."

హరిబాబుకీ గుర్తొచ్చింది. తొంభయ్యారు నవంబరు తుఫానుకి ఇల్లు కూలింది, చెట్లు తలలు తెగి పడ్డాయి, కొబ్బరి లేదు, చిప్ప లేదు, బొగ్గు లేదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి రాజోలు నుంచి ఒక కువైట్ ఏజెంటు వచ్చాడు. వీరాయమ్మ కొడుకు మొహంలోకి చూసి, "ఏరా, పంపుదామా?" అంది. తలుపు వెనక తులసి నిలబడి ఉందని హరిబాబుకి తెలుసు. అతను నేల చూశాడు. ఏజెంటు కలం మూత తీసి, "మరైతే సరేనంటారు," అని పేరు రాసుకున్నాడు.

"అత్తయ్యే పంపేసిందని ఎనిమిదేళ్ళు ఆవిడ మీద కోపం పెట్టుకున్నానండి," అంది తులసి. "పాపం, ఆవిడ పంపలేదు. అడిగింది. వద్దమ్మా అని మీరంటే మానేద్దురు. నన్ను పంపింది మీరు. నోరు విప్పకుండా పంపేరు."

"తులసీ..."

"అక్కడ మేడం తిడుతుంది. నా తరఫున మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు. ఉండరని తెలుసు కాబట్టి బాధ లేదు. ఇక్కడ అలా కాదు కదండి. రేపు బడ్డీ తీసెయ్యమని ఎవరో అంటారు. పిల్లల్లేరని ఎవరో నోరు పారేసుకుంటారు. అప్పుడల్లా నేను మీ మొహం చూస్తాను. మీరు నేల చూస్తారు. ఒంటరిదాన్నై అక్కడుండడం నాకలవాటే. మీ పక్కనుండి ఒంటరిదాన్నై ఉండలేను. నావల్ల కాదండి."

ఆమె ఏడవలేదు. అదే హరిబాబుని చంపేసింది. చెప్పాల్సిన మాట అతనికి తెలుసు. వెళ్ళకు, అంతే. కానీ తలెత్తితే పైన స్లాబు కనిపించింది. తులసి పంపిన డబ్బుతో పోసిన స్లాబు. పెరట్లో బోరు ఆమెది, కూర్చున్న మంచం ఆమెది. ఆమె చెమట కింద తలదాచుకున్నవాణ్ణి, ఆమెని ఆగమనడానికి నేనెవణ్ణి అనుకున్నాడు. ఎవడేంటి, మొగుడు! ఆ ముక్క చెప్పేవాడు అతని పక్కన లేకపోయాడు.

"చూడండి, ఇప్పుడూ ఏమీ అనట్లేదు," అంది తులసి మెల్లగా, చీర తీసి పెట్లో పెట్టి.

మధ్యాహ్నం మూడింటికి రాఘవులు ఆటో వచ్చింది. వీరాయమ్మ కోడల్ని గుమ్మంలో పట్టుకుని భోరుమంది. "ఉండిపోవే నా తల్లీ. నాకోసమైనా ఉండిపో. వీడి గొడవ నాకొదిలెయ్."

"మీరన్నారు అత్తయ్యా, నాకదే చాలు," అని తులసి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. అత్తాకోడళ్ళు ఒకళ్ళ మెడ ఒకళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే హరిబాబు సూటుకేసులు ఆటోలో పెట్టాడు. ఏ పని చెప్పినా చేస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు.

ఆటో కదిలిన దగ్గర్నుంచి అతను ఆ మాటని నోట్లో కూడదీసుకుంటూనే ఉన్నాడు. ఉండిపో. ఎంత చిన్న మాట! ఊబలంక దాటాక అంటాననుకున్నాడు. రాఘవులు వింటాడని ఆగాడు. రావులపాలెంలో దిగాక అంటాననుకున్నాడు. దిగాడు. బస్సు రావడానికి ఇంకా అరగంటుంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. తులసి చేయి అతని చేతి పక్కనే ఉంది. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. మందులు వేళకి వేసుకోమంది, అత్తయ్యకి కళ్ళు చూపించమంది, పొయ్యి మీరు నడుపుకోండి, కారం పాళ్ళు గోడ మీద రాసిపెట్టేను అంది. అన్నిటికీ తల ఊపాడు. బస్సొచ్చాక అంటాను, అప్పుడు తప్పకుండా అంటాను అనుకున్నాడు.

అయిదింటికి బస్సొచ్చింది. క్లీనరు సూటుకేసులు రెండూ డిక్కీలో పడేశాడు. తులసి ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఆగి, వెనక్కి తిరిగింది. ఏమీ అడగలేదు. అతన్ని చూస్తూ అలా నిలబడింది.

హరిబాబు నోరు తెరిచాడు. మాట పళ్ళ దాకా వచ్చింది.

"సామానంతా ఎక్కేసిందాండీ?" అన్నాడు క్లీనరు అతని పక్కకొచ్చి. "మేడం గారొక్కరేనా? పోదామా అండి?"

వెనకున్నవాళ్ళు తోసుకొస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. క్లీనరు జవాబు కోసం అతని మొహంలోకే చూస్తున్నాడు.

"ఆయ్, ఎక్కేసిందండి," అన్నాడు హరిబాబు. "పోనివ్వండి."

తులసి తల ఊపింది. ఆ మాటే వస్తుందని తెలిసినట్టు ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు పడింది, బస్సు సిద్ధాంతం వంతెన వైపు తిరిగింది.

హరిబాబు రోడ్డు మధ్యదాకా వెళ్ళి నిలబడ్డాడు. బస్సు వెనక అద్దం చిన్నదై, లారీల్లో కలిసిపోయి, ఇక కనబడకుండా పోయింది. అప్పుడు వచ్చింది మాట.

"ఉండిపో తులసీ," అన్నాడు. పైకే అన్నాడు, గట్టిగానే అన్నాడు.

పక్కన లారీలోకి అరటి గెలలు ఎత్తుతున్న మనిషి ఆగి చూశాడు. "ఏంటండి, నన్నా?"

"ఏం లేదండి," అన్నాడు హరిబాబు.